వెనక సీటు కింది కూత

గేర్‌బాక్సులో ఒక్క పన్ను కూడా విరగలేదు. అరగనూలేదు.

బాలస్వామి నమ్మలేక మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టాడు. గోనెపట్టా మీద పేర్చిన గేర్లను ఒక్కొక్కటే కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. ఎండకెత్తి చూశాడు. బొటనవేలి గోరు పంటి అంచుకి ఆనించి చుట్టూ తిప్పాడు. అరిగిన చోట గోరు తట్టుకోవాలి. ఎక్కడా తట్టుకోలేదు. నెయ్యి రాసినట్టు జారిపోతోంది.

జగ్గయ్యపేటలో దశరథరామయ్య ఇంటి ఆవరణ అది. అరవై నాలుగు మోడలు నల్ల అంబాసిడర్ నాలుగు దుంగల మీద నిలబడి ఉంది. వరండాలో వాలుకుర్చీలో దశరథరామయ్య. గేటు దగ్గర, ఎండలో, డ్రైవరు బుల్లిబాబు. అతన్ని లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు.

"ఏం బాలస్వామీ, దొంగతనం బయటపడిందా?" అన్నాడు దశరథరామయ్య.

"చూస్తున్నానండీ బాబుగారూ."

"పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నావు. ఇది మన బండిలో పుట్టిన బాక్సు కాదు, ఎవడో మార్చేశాడని చెప్పింది నువ్వేగా? ఆ మాటే ఈ ముక్కల మీద వేలుపెట్టి చూపించు. శనివారం కాయితం రాసి స్టేషన్లో ఇస్తా. వీడి లైసెన్సు నా బీరువాలో ఉంది. అదీ దాంతోబాటే ఇస్తా. ఇంకెక్కడా స్టీరింగు పట్టుకోకూడదు వీడు."

గేటు దగ్గర్నించి బుల్లిబాబు గొంతు వినిపించింది. "మేస్త్రీ, నువ్వే చెప్పు. క్లచ్చి ప్లేటు మార్చాలంటే బాక్సు దించకుండా కుదురుద్దా? బెజవాడ పంపించింది కూడా అయ్యగారే."

"నోర్ముయ్! రెండ్రోజులు బండి అక్కడే ఉంచుకున్నావు. మంచి బాక్సు అమ్ముకుని ఎవడి పాత బాక్సో తగిలించుకొచ్చావు. లేకపోతే వెళ్ళేటప్పుడు లేని కూత ఎక్కణ్ణించి వచ్చింది?"

"వచ్చేటప్పుడూ లేదండి. నెల్లాళ్ళు పోయాక మొదలైంది. అదీ వెనకనించి వస్తోందండి. మేస్త్రీకి ఆ రోజే చెప్పా."

చెప్పిన మాట నిజమే. బాలస్వామికి బాగా గుర్తుంది. పదిరోజుల కిందట ఇదే బండిలో బుల్లిబాబు పక్కన కూర్చుని నందిగామ దాకా వెళ్ళాడు. స్టీరింగు పక్కనుండే గేరుకడ్డీ మీద రెండు వేళ్ళు ఆనించాడు. కడ్డీ వణికింది. "బాక్సే" అన్నాడు. వెనకనించి అనిపిస్తోంది మేస్త్రీ అని బుల్లిబాబు నసిగితే, "నా చెవికి నువ్వు దారి చూపిస్తావేంట్రా?" అని నవ్వాడు. తర్వాత కిందకి దూరి బోల్టుల మీద కొత్తగా పడ్డ పానా గీతలు చూశాడు. బాక్సు దించారన్నమాట. దించారంటే మార్చారన్నమాట. ఆ రెండు మాటలూ కలిపి దశరథరామయ్య ముందు గట్టిగా చెప్పేశాడు.

ఆయన నమ్మాడంటే నమ్మడా మరి! నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా రోడ్డు మీద స్టీరింగు పట్టినవాడెవడికైనా బాలస్వామి చెవి అంటే గురి. షెడ్డు ముందు నుంచి లారీ పోతుంటే టీ గ్లాసు దించకుండానే, "వాడి మూడో వాల్వు వదులైంది, సూర్యాపేట దాటదు" అనేవాడు. సూర్యాపేట దాటేది కాదు. ముప్పై ఏళ్ళుగా ఆ చెవే అతని బోర్డు. షెడ్డుకి వేరే బోర్డు లేదు.

ఇప్పుడు గోనెపట్టా మీద ఆ బాక్సు తళతళా మెరుస్తోంది.

ఒక్క మాట చాలు. పొరపాటు పడ్డానండీ అంటే అయిపోతుంది. బాలస్వామి ఆ మాట కోసం నోరు తెరిచాడు. బయటికి వచ్చింది వేరే మాట.

"గేర్లు బానే ఉన్నాయండి. బేరింగుల్లో ఉండొచ్చు. పాతవి వేసుంటారు. కొత్తవి వేసి చూద్దాం."

"అంటే బేరింగులు కాజేశాడన్నమాట" అన్నాడు దశరథరామయ్య, తీర్పు చెప్పినట్టు.

బాలస్వామి ఔననలేదు. కాదనలేదు. తల వంచుకుని గేర్లు తుడవసాగాడు. మళ్ళీ తలెత్తేసరికి గేటు దగ్గర బుల్లిబాబు లేడు.

*

గురువారం మధ్యాహ్నానికి కొత్త బేరింగులతో బాక్సు ఎక్కించి, బాలస్వామి ఒక్కడే బండిని రోడ్డు మీదికి తీశాడు. చిల్లకల్లు దాటేదాకా హాయిగా పోయింది. ముల్లు నలభై మీదికి వచ్చిందో లేదో, మొదలైంది. ఊఁ... అని, పక్క ఊళ్ళో పిండిమర ఆడుతున్నట్టు సన్నటి కూత.

బండి పక్కకి తీసి ఆపాడు. నిలబెట్టి ఇంజను రేజు చేశాడు. కూత లేదు. క్లచ్చి తొక్కాడు, వదిలాడు. ఏమీ లేదు. ఇంజను కాదు, క్లచ్చి కాదు. మళ్ళీ రోడ్డెక్కాడు. మూడో గేర్లో ఒకలాగా, నాలుగో గేర్లో ఒకలాగా ఉంటే బాక్సు అనుకోవచ్చు. రెంటిలోనూ అదే కూత. బండి వేగాన్ని పట్టుకుని ఎక్కుతోంది, దిగుతోంది. ఇంజను గోలతో దానికి సంబంధం లేదు. యాక్సిలేటర్ మీంచి కాలు తీస్తే గొంతు మారుతోంది గానీ ఆగడం లేదు. గేరుకడ్డీ మీద వేళ్ళు పెడితే మాత్రం, అదిగో, వణుకు.

ఇరవయ్యేళ్ళ వయసులో ఏ కుర్రమెకానిక్కయినా ఈ పరీక్షలు చేశాకే మాట్లాడతాడు. ఆ రోజు తను ఒక్కటీ చెయ్యలేదు. చెవి ఉండగా పరీక్షలెందుకనుకున్నాడు.

నందిగామ షెడ్డుకి వచ్చేసరికి ఆయిలు డబ్బా మీద ఒకామె కూర్చుని ఉంది. బుల్లిబాబు భార్య ప్రమీలారాణి. బాలస్వామి బండి దిగి గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికి చేతులకేమీ లేదు.

"తిట్టడానికి రాలేదులే బాబాయ్. అట్లా చూడమాక" అంది ప్రమీలారాణి.

"మంచినీళ్ళు తాగుతావామ్మా?"

"తాగే వచ్చా. టాక్సీ స్టాండులో మా ఆయన్ని ఏమని పిలుస్తున్నారో తెలుసా నీకు? బాక్సు అని. 'ఏరా బాక్సూ, టీ తాగుతావా?' అంటున్నారంట. నిన్న ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇవాళ లేచి, నేను ఇటుక బట్టీకి పోతానన్నాడు. పన్నెండేళ్ళు స్టీరింగు పట్టినోడు ఇటుకలు మోస్తానంటున్నాడు."

బాలస్వామి గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు.

"ఒక్క మాట అడిగి పోదామని వచ్చా. కూత వెనకనించి వస్తోందని ఆయన చెప్పాడంటగా. నువ్వు వెనక కూర్చుని విన్నావా?"

"వెనకా?"

"ఆ. వెనక సీట్లో."

"ఆ సీట్లో నేనెట్లా కూర్చుంటానమ్మా? అది వాళ్ళ సీటు."

"ఏం, నువ్వు కూర్చుంటే మునిగిపోద్దా?"

దశరథరామయ్య కారు వెనక సీటుకి తెల్ల టవలుగుడ్డ తొడుగులుంటాయి. వారం వారం చాకలికి పడతాయి. గ్రీజు బట్టలతో వాటి మీద కూర్చోలేనని బాలస్వామి అనబోయాడు. అనలేకపోయాడు. ఆదివారం ప్రార్థనకి వేసుకునే తెల్ల చొక్కాతో ఉన్నప్పుడు కూడా అతను ఆ సీట్లో కూర్చున్నది లేదు. ముప్పై ఏళ్ళలో ఏ ఆసామి కారులోనూ వెనక కూర్చున్నది లేదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పిందీ లేదు. చెప్పే అవసరం రాలేదు.

"అయితే సగం బండే విన్నావన్నమాట" అంది ప్రమీలారాణి. లేచి చీర దులుపుకుంది. "సరే బాబాయ్, బస్సు టైమైంది. శనివారం అంటే ఎల్లుండేగా?"

*

శుక్రవారం ఉదయం దశరథరామయ్య కబురు పంపాడు. ఆయన తల్లి బసవమ్మ పెనుగంచిప్రోలు అమ్మవారి దగ్గరికి వెళ్ళాలి. ప్రతి శుక్రవారం వెళ్తుంది. ఆయనకి ఇవాళ పత్తి మిల్లులో పనుంది. డ్రైవరు లేడు కాబట్టి బాలస్వామే నడపాలి. కూత పోయిందో లేదో కూడా తేలిపోతుంది.

బసవమ్మకి డెబ్భై దాటాయి. పూలబుట్ట, రాగిచెంబు పక్కన పెట్టుకుని వెనక సీట్లో నిటారుగా కూర్చుంది. ఊరు దాటి బండి వేగం అందుకోగానే నిట్టూర్చింది.

"తిరగలి ఇంకా తిరుగుతూనే ఉందిగదయ్యా బాలస్వామీ."

"ఏ తిరగలండీ అమ్మగారూ?"

"నా పీట కింద. నెలపైనుంచీ విసురుతోంది."

బాలస్వామి అద్దంలోంచి ఆమెను చూశాడు. "మీ కిందా అండీ? ముందు వైపు కాదుగదా?"

"ముందు కూర్చునేవాళ్ళకి ముందునించి వినపడుద్దేమో, నాకేం తెలుసు? నాకైతే సరిగ్గా ఇక్కడ." సీటుని అరచేత్తో తట్టింది. "నన్ను ఎవరడిగారు గనక? కారు సంగతి ముసలిదానికేం తెలుసంటారు. తిరగలి సంగతి నాకు తెలిసినంత మీకెవరికి తెలుసు?"

ముందు పొడుగాటి పల్లం వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉంది. బాలస్వామి బండిని న్యూట్రల్లోకి తెచ్చాడు.

"అమ్మగారూ, ఇప్పుడు ఇంజను ఆపేస్తా. డౌనులో బండి దానంతటదే పోద్ది. భయపడకండి. తిరగలి ఆగితే ఆగిందని చెప్పండి."

తాళం తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. గాలి, టైర్ల కింద కంకర, అంతే. ముందు సీట్లో అతనికి ఇంకేమీ వినపడలేదు. గేరుకడ్డీ మీద వేళ్ళు పెట్టాడు. ఇప్పుడు అదీ చచ్చినట్టు పడి ఉంది.

వెనక బసవమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. పల్లం సగం దిగాక చెప్పింది.

"ఆగలేదు. సన్నబడింది. కందులు అయిపోయాక ఉత్త తిరగలి తిరుగుతుంది చూడు, అట్లా ఉంది. ఆగలేదు మాత్రం."

ఇంజను చచ్చింది. బాక్సు మీద బరువు లేదు. ఇప్పుడు బరువుతో తిరుగుతున్నది చక్రాలొక్కటే, ఆ చక్రాలు తిప్పే వెనక ఇరుసొక్కటే. ఆ ఇరుసు మధ్యలో ఇనపకుండలాంటి గుండు ఉంటుంది. దాన్ని మెకానిక్కులు హౌసింగు అంటారు. కూత దాన్లో పుట్టి, పొడుగాటి షాఫ్టు పట్టుకుని ముందుకి పాకి, బాక్సులోంచి కడ్డీలోకి ఎక్కి, ఆ రోజు బాలస్వామి రెండు వేళ్ళ కింద వణికింది. అతను వేళ్ళని నమ్మాడు.

పెనుగంచిప్రోలు వచ్చింది. గుడివైపు తిప్పబోతుంటే బసవమ్మ ఆపింది.

"ముందు ఏట్లోకి పోనీ. అబ్బాయి పద్ధతి తెలీదా? మునేట్లో దించి కడిగి, నీళ్ళోడుతూ ఉండగా గుడి ముందు పెట్టాలి. అప్పుడే పసుపూ కుంకం. దుమ్ముతో అమ్మవారి ముందుకి పోకూడదంటాడు."

"వచ్చిన బండి వచ్చినట్టే దించుతారాండీ? ప్రతివారం?"

"క్లచ్చి బాగుచేయించుకొచ్చినప్పణ్ణించీ ప్రతివారం. బండి గండం తప్పిందని మొక్కుకున్నాడులే. బుల్లిబాబు చెబుతూనే ఉండేవాడు, కాసేపు నీడన పెడదామండీ, చల్లారాక దించుతానూ అని. మావాడు వింటాడా? అమ్మవారికన్నా నీ కారు గొప్పదా అని కసురుకునేవాడు. నీళ్ళు ఇరుసు మునిగేదాకా దించితేగాని వాడికి తృప్తి లేదు."

ఇసక మీద చక్రాల జాడలు నేరుగా నీళ్ళలోకి దిగి ఉన్నాయి. బాలస్వామి గట్టునే బండి ఆపి, దిగి, వెల్లకిలా వెనక ఇరుసు కిందికి దూరాడు. హౌసింగు మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించినంత వేగంగా తీసేశాడు. పెనంలా కాలుతోంది. దాని నెత్తిన బఠాణీ గింజంత కన్నం ఉంది. లోపలి వేడి ఊపిరి బయటికి పోవడానికి పెట్టిన కన్నం.

బయటికొచ్చి ఇసక దులుపుకుంటుంటే బసవమ్మ కిటికీలోంచి చూస్తోంది.

"ఏంటయ్యా, మొహం అట్లా అయింది?"

"ఏం లేదండీ. ఇవాళ చల్లారాకే దించుదామండి."

"అంటే, వేడిచెంబు నీళ్ళలో బోర్లిస్తే గుటుక్కున లోపలికి పీల్చుకుంటుంది. అట్లా పీల్చిందా ఇది?"

బాలస్వామి ఆమెవంక చూశాడు. "అట్లాగేనండి" అన్నాడు.

బసవమ్మ పూలబుట్ట సర్దుకుంది. "చల్లారనీ. నాకేం తొందర లేదు" అంది.

*

ఆ సాయంత్రం ఆమెను ఇంటి దగ్గర దింపి, పొద్దున్నే తెస్తానని చెప్పి, బండిని నందిగామ షెడ్డుకి తెచ్చుకున్నాడు బాలస్వామి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తెల్లారేలోగా హౌసింగు విప్పి, తుప్పు పట్టిన బేరింగులు పీకి, వేరేవి వేసి, కొత్త ఆయిలు నింపడం అతనికి కష్టమేమీ కాదు. రేపు కూత ఉండదు. బాక్సు బేరింగులతోనే నయమైందంటే అందరూ ఒప్పుకుంటారు. బాలస్వామి చెవి గెలిచినట్టే. బుల్లిబాబు బేరింగులు కాజేసినట్టే.

జాకీ ఎక్కించాడు. హౌసింగు అడుగునున్న బోల్టుకి పానా తగిలించాడు. ఒక్క నొక్కు నొక్కాడు. బోల్టు కిర్రుమని కదిలింది.

అక్కడితో ఆగాడు. విప్పితే ఇక్కడ తనొక్కడే చూస్తాడు.

కాసేపు అలాగే నేలమీద పడుకున్నాడు. తర్వాత బోల్టు మళ్ళీ బిగించి, బండి దించి, పానా జేబులో వేసుకున్నాడు. సైకిలెక్కి బుల్లిబాబు ఇంటివైపు తొక్కాడు.

*

శనివారం ఉదయం ఆవరణలోకి కారుతోబాటు బుల్లిబాబు కూడా రావడం చూసి దశరథరామయ్య కుర్చీలోంచి లేచాడు. ఉతికిన తెల్లబట్టలు వేసుకున్నాడు. చొక్కాజేబులో మడిచిన కాయితం కనిపిస్తోంది.

"వీణ్ణెందుకు తెచ్చావు?"

"బండి వాడు నడపాలండి బాబుగారూ. చిల్లకల్లు దాకా పోయొద్దాం. మీరు కూడా రావాలండి."

"సరే, పద. కూత పోలేదంటగా, అమ్మ చెప్పింది." దశరథరామయ్య వెనక తలుపు మీద చెయ్యివేశాడు.

"మీరు ముందు కూర్చోవాలండి" అన్నాడు బాలస్వామి. "వెనక నేను కూర్చుంటా."

ఆవరణలో గడ్డి పీకుతున్న మనిషి పని ఆపాడు. దశరథరామయ్య బాలస్వామి ప్యాంటు వంక చూశాడు. ఉతికిన ప్యాంటే.

"నువ్వా? వెనకా?"

"వినాలండి. ముందునించి ఒకసారి విన్నా. తప్పు విన్నాననిపిస్తోంది."

"కావాలంటే డిక్కీలో కూర్చుని విను. ఆ సీట్లో..."

"కూర్చోనీరా" అంది గడపలోంచి బసవమ్మ. "గుడ్డలేగా, చాకలికి పడితే పోద్ది. ఈ కారులో వెనక సీటు సంగతి అడగాలంటే నన్నడగాలి. నేను చెబుతున్నా, కూర్చోనీ."

దశరథరామయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి. కాళ్ళు ఎలా పెట్టుకోవాలో తెలియక రెండుసార్లు సర్దుకున్నాడు. బుల్లిబాబు ఆయనవైపు చూడకుండా తాళం తిప్పాడు. బాలస్వామి తెల్ల తొడుగు మీద అంచున కూర్చున్నాడు. తర్వాత వెనక్కి జరిగి నడుము ఆనించాడు. ఆనించకపోతే వినపడదు.

ముల్లు నలభై దాటింది.

"ఇదిగో!" అన్నాడు దశరథరామయ్య. "ఇక్కణ్ణించే వస్తోంది." గేరుకడ్డీ మీద వేళ్ళు వేశాడు. "వణుకుతోంది చూడు. బాక్సే ఇది. నువ్వు మొదట చెప్పిందే రైటు."

"నేనూ అక్కడ కూర్చునే అట్లా అనుకున్నానండి" అన్నాడు బాలస్వామి. అతనికి కూత సీటులోంచి వెన్నుపూసలోకి ఎక్కుతోంది. ఇంత పెద్ద గోల ఇన్ని రోజులుగా తనకి వినపడకుండా ఎలా ఉందో అర్థం కాలేదు. "మీరు రోజూ ఇక్కడ కూర్చుంటారుగదండీ. మీకెక్కణ్ణించి వినపడేది?"

దశరథరామయ్య కడ్డీ మీంచి వేళ్ళు తీశాడు. "వెనకనించే అనిపించేది. నువ్వు బాక్సన్నావుగా మరి?"

చిల్లకల్లు దగ్గర టీకొట్టు పక్కన బండి ఆపించాడు బాలస్వామి. అక్కడ ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు టాక్సీవాళ్ళుంటారు. బుల్లిబాబుని చూసి ఒకడు, "ఏరా బాక్సూ" అనబోయి, వెనక సీట్లోంచి బాలస్వామి, ముందు సీట్లోంచి దశరథరామయ్య దిగడం చూసి నోరు మూసుకున్నాడు.

బాలస్వామి టీకొట్టువాడి దగ్గర ఒక పాత బేసినూ ఇనపగరిటే అడిగి తీసుకున్నాడు. వెనక ఇరుసు కిందికి దూరి జేబులోంచి పానా తీశాడు. బోల్టు ఊడిరాగానే బేసిన్లో పడింది నల్లటి ఆయిలు కాదు. పాలెక్కువైన టీలా, తెల్లగా, నురగ కడుతూ దిగింది. టాక్సీవాళ్ళు వంగి చూశారు.

"ఇదేంటి?" అన్నాడు దశరథరామయ్య.

బాలస్వామి గరిటెతో కొంచెం ముంచి టీకొట్టు పొయ్యిమీద పట్టుకున్నాడు. ఒక్క క్షణం. చిటపటమని పేలింది. అందరూ వెనక్కి గెంతారు.

"ఏ వంటింట్లోనైనా ఇంతేగదండీ. నూనెలో నీళ్ళుంటేనే చిటపటలాడేది." గరిటె కింద పెట్టాడు. "బాబుగారూ, ముందు నా సంగతి చెప్తా. బాక్సు ఎవరూ మార్చలేదు. అది బండితో పుట్టిన బాక్సే. బేరింగులూ ఎవరూ తియ్యలేదు. ముందు కూర్చుని సగం విని, దొంగతనం జరిగిందని మీకు చెప్పింది నేను. మంగళవారం గేర్లు చూసినప్పుడే తెలిసింది, తప్పన్నానని. అయినా చెప్పలేదు. ఈ నలుగురి ముందూ చెబుతున్నా. బుల్లిబాబు దొంగ కాదు."

పొయ్యిమీద టీ పొంగితే టీకొట్టువాడు చూసుకోలేదు. దశరథరామయ్య బేసిన్లోకి చూస్తున్నాడు. మెల్లగా ఆయన మొహం మళ్ళీ గట్టిపడింది.

"అయితే నీళ్ళెక్కడివి?"

"హౌసింగులోవండి."

"హౌసింగులోకి ఎట్లా వచ్చాయని అడుగుతున్నా. వాటంతటవి వచ్చాయా?" బుల్లిబాబువైపు తిరిగాడు. "నువ్వే పోశావురా! పని మాన్పిస్తానని తెలిసి కడుపుమంటతో నీళ్ళు పోశావు. దొంగతనం కాదు, అంతకన్నా నీచం!" చెయ్యి చొక్కాజేబు మీదికి పోయింది. కాయితం ఇంకా అక్కడే ఉంది.

టాక్సీవాళ్ళు బుల్లిబాబుని చూస్తున్నారు. అతను బాలస్వామిని చూస్తున్నాడు. వద్దు మేస్త్రీ, ఇక్కడితో ఆపెయ్ అన్నట్టుంది ఆ చూపు.

బాలస్వామి ఆపలేదు.

"పొయ్యలేదండి. హౌసింగుకి ఊపిరి తీసుకునే కన్నం ఉంటుంది. దూరం నడిచొచ్చి కాలుతున్న హౌసింగుని చల్లటి నీళ్ళలో ముంచితే, అది నీళ్ళని లోపలికి పీల్చుకుంటుంది. ఒకసారి కాదు. రెండు నెలల పైనించీ వారం వారం పీల్చింది. బేరింగులు తుప్పుపట్టినయ్. అదండీ కూత."

"ముంచిందెవడు మరి? స్టీరింగు వీడి చేతిలోనేగా ఉంది?"

"వీడు చల్లారాక దించుతానన్నాడండి. ప్రతిసారీ అన్నాడు."

"నీకెవరు చెప్పారు?"

"అమ్మగారు చెప్పారండి. నిన్న మునేటి గట్టున."

దశరథరామయ్య చెయ్యి జేబు మీదే ఉండిపోయింది. చుట్టూ చూశాడు. టాక్సీవాళ్ళు, టీకొట్టువాడు, సైకిలు దిగి నిలబడ్డ ఎవరో ఇద్దరు. ఇక ఆగడం ఆయనకీ చేతకాలేదు. గొంతు పెంచాడు.

"మరి దించమన్నదెవడు? ఎవడో ఒకడుండాలిగా? నీళ్ళు నమలకుండా పేరు చెప్పు!"

ముప్పై ఏళ్ళుగా బాలస్వామి ఆయన్ని బాబుగారూ అనే పిలిచాడు. ఆయన పేరు బస్తాల మీద చదివాడు, మిల్లు గోడమీద చదివాడు. నోటితో ఎప్పుడూ అనలేదు. పానా గుడ్డతో తుడిచి జేబులో వేసుకున్నాడు.

"దశరథరామయ్యగారండి" అన్నాడు.